బస్టాండులో కట్టిన నా బొమ్మను దింపించుట గురించి

గోర్నా లిపా పట్టణ విద్యాధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: "ఆదర్శ పాఠకురాలు" బిరుదును రద్దుపరచి, సదరు బొమ్మను తక్షణమే తొలగించుట గురించి.

నేను స్థానిక బాలికల వాలీబాల్ జట్టు నాయకురాలిని. వయసు పదిహేనేళ్లు. తమరి దయవలన మాకు కలిగిన నష్టమును ఈ దిగువ విన్నవించుకొనుచున్నాను.

1. పొరుగూరి ఆటలకు పోవునపుడు మినీబస్సులో నేనొక హత్య కథ చదువుకొనుచుంటిని. ఎవరినీ చదవమనలేదు. పక్కన పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్న ఇస్క్రా, "ఏంటే, పిలిస్తే పలకవు? ఏముంది అందులో, ఇటివ్వు" అని లాక్కొన్నది. ఇస్క్రా బడి పుస్తకం తప్ప వేరొకటి ముట్టి ఎరుగదు.

2. త్వరలోనే జట్టంతా దానికోసం కొట్టుకొనుట జరిగినది. అందుచేత ఇస్క్రా పుస్తకాన్ని ముక్కలుగా చించి, వరుసగా చేతులు మారేటట్లు పంచినది. "చంపిందెవరో ముందే వాగావంటే బస్సు దింపేస్తాం" అని ఒకరినొకరు బెదిరించుకొనుట కూడా కద్దు.

3. ఈ సంగతి తమరి చెవిన పడినది. తమరు నన్ను వేదిక ఎక్కించి, బిరుదుతో పాటు ఒక కలమును బహూకరించి, "పుస్తకమే నా ప్రాణమిత్రము" అని మైకులో చెప్పించితిరి. నేను ఏనాడూ అట్లు అనలేదు. పిమ్మట పుస్తకం పట్టుకొని ఇకిలిస్తున్న నా ముఖాన్ని తలుపంత చేసి బస్టాండులో కట్టించితిరి. జట్టులో ప్రతి ఒక్కరూ నెలనెలా సమీక్ష వ్రాసి సమర్పించవలెనని ఉత్తరువు కూడా ఇచ్చితిరి.

4. మర్నాడు నేను బస్సెక్కగానే జట్టువారు "లేచి నిలబడండే, ప్రాణమిత్రం గారు వస్తున్నారు" అన్నారు. ముక్కలన్నీ తెచ్చి నా ఒళ్లో పడేశారు. ఇప్పుడు బస్సులో అందరూ ఫోన్లు చూసుకొనుచున్నారు. నేను కూడా.

అయ్యా, తమకు కొంచెమైనా సిగ్గుగా లేదా? మేము బాగుపడుటకు చదవలేదు. హంతకుడెవరో తెలియక, నిద్ర పట్టక చదివినాము. అందులో తమరు వేలు పెట్టవలసిన అవసరమేమి వచ్చినది?

కావున తమరే స్వయంగా బస్టాండుకు వచ్చి, బొమ్మను దింపించి, సమీక్షల ఉత్తరువు పొరపాటైనదని మా జట్టు ముందర చెప్పవలెను. బహుమతి కలమును దీనితో తిప్పి పంపడమైనది.

చిత్తగించి, నిచ్చెనతో సహా దయచేయవలెను.

తమ విధేయురాలు (ఈ ఒక్కసారికి),
జోర్నిట్సా పెంచెవా

తా.క.: సార్, నిన్న ఇస్క్రా మా పెరటి గోడ దగ్గరికొచ్చి "ఆఖరి ముక్క నీ దగ్గరే ఉందా?" అని మెల్లగా అడిగింది. తెచ్చి ఇవ్వబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. "వద్దులే. ఇది పట్టుకుని కనబడితే రేపు నా బొమ్మ కడతారు" అంది. "పోనీ చంపిందెవరో చెప్పెయ్యనా?" అన్నాను. రెండు చెవులూ మూసుకుని పరుగెత్తింది. ఆ బొమ్మ దింపించండి సార్. ఇస్క్రాకి ఆ ముక్క చదవాలని ఉంది.