మా ఇంట్లో అమ్మ ఒంటిపూట

అనకాపల్లి

పూడిమడకలో మా పెద్దన్నయ్యకి చెల్లెలు నూకరత్నం దండాలు పెట్టి రాస్తున్న సంగతులు.

వదిన నడుం నొప్పి తగ్గిందా? వేట బందు రోజులు కదా, వలలు బాగుచేసుకుంటున్నావా, లేక ఇసుకలో కూర్చుని పేకాటేనా? పిల్లల్ని ఎండలో తిరగనివ్వకండి. అమ్మ కంట్లో మందు చుక్కలు ఎవరు వేస్తున్నారు? చెయ్యి కడుక్కుని వేయమని వదినకి చెప్పు. ఇక్కడ మేం బాగున్నాం. ఉత్తరం మొదలెట్టాక ఆ మాట రాయాలి కాబట్టి రాశాను. ఎంత బాగున్నామో కింద చదువు. గట్టిగా చదవకు, అమ్మ వింటుంది.

నిన్న ఫోన్‌లో నువ్వన్న మాటలు ఇంకా చెవిలోనే ఉన్నాయి. "ఒలే, నీ ఇంట్లో అమ్మకి కూడు నేదేటే? ఇంటికొచ్చిన రోజే రెండు పూటలా కంచం నిండా పెట్టించుకుని తిన్నాది. నువ్వు సెప్పిన ఒంటిపూట మొక్కు ఏమైందే అని అడిగితే ఏ మొక్కా నేదంది. రెండో కంటి ఆపరేషన్‌కి నీ కాడికి మాత్రం రానంటంది. అమ్మని ఏటి సేసేవే?" అన్నావు. నేను నోరు తెరిచేలోగా పెట్టేశావు. నీ అలవాటే అది. చిన్నప్పుడు కూడా ముందు కొట్టి తర్వాత అడిగేవాడివి.

మళ్లీ ఫోన్ చేద్దామంటే ఇక్కడ మాట్లాడుకోవడానికి చోటేదీ? గదిలో మీ బావ ఉంటారు, మెట్ల దగ్గర ఓనరమ్మ ఉంటుంది. అందుకే కాయితం మీద పెట్టి, చేపల గంపతో వచ్చే ఎర్రమ్మత్త చేతికి ఇస్తున్నాను.

అన్నయ్యా, మా ఇంటి సంగతులు నీకు ఎప్పుడూ చెప్పలేదు. పడవ పని మానేసి ఇక్కడ కంపెనీలో చేరిన కొత్తలో మీ బావ బాగానే ఉండేవారు. సబ్బవరం అవతల స్థలం కొని వాయిదాలు కట్టడం మొదలెట్టాక పట్టుకుంది ఈ పిచ్చి. పొదుపు మంచిదే, కాదనను. మనమేం దొరల బిడ్డలం కాదు. కానీ ఈయన పొదుపు చూస్తే పిసినారివాడు కూడా సిగ్గుపడతాడు. పొద్దున్న కంపెనీ బస్సెక్కే ముందు ఒకసారి, సాయంత్రం బస్సు దిగాక ఒకసారి కరెంటు మీటరు ముందు నిలబడతారు. దేవుడి పటం ముందు కూడా అంతసేపు నిలబడగా నేను చూడలేదు. "బిల్లు పై శ్లాబులోకి ఎల్లిందంటే సచ్చేమన్నమాటే" అంటారు. ఆ శ్లాబేదో మా అత్తవారి పాత శత్రువులా ఉంది, దాని పేరెత్తని రోజు లేదు.

మా ఇంట్లో ఫ్రిజ్జుందని నువ్వు ఊళ్లో గొప్పగా చెప్పుకున్నావట. ఉంది. దాంట్లో పప్పుల డబ్బాలు, పాప పాత పుస్తకాలు పెట్టుకున్నాం. వైరు చుట్టి పైన పెట్టేశారు. చొక్కాలకి ఇస్త్రీ లేదు, పరుపు కింద పెట్టి పడుకోవడమే. స్నానానికి వేణ్నీళ్లంటే పొద్దున్నే మేడ మీద ఎండలో బకెట్ పెట్టాలి. వంటైతే మరీను. బియ్యం నానాలి, పప్పు నానాలి, కుక్కరు చివరి కూత కూయకుండానే పొయ్యి కట్టేయాలి. టీ పొద్దున్న ఒక్కసారే. ఫ్లాస్కులో పోసి సాయంత్రం దాకా అదే. మొన్న మీ బావ మేనత్త వస్తే ఆవిడకీ అదే పోశాను. ఒక గుటక తాగి గ్లాసు కింద పెట్టి నా మొహంలోకి చూసింది. నేను ఎటు చూడను చెప్పు? వదిన పంపిన ఎండు సావళ్ల చేపలు కూడా అలాగే ఉన్నాయి. ఇంకెప్పుడూ పంపవద్దని చెప్పు, వాటిని వేయించాలంటే మంట ఎక్కువ పడుతుందట.

పాప పరీక్షలప్పుడు ఇంకా సిగ్గుమాలిన పని చేయించారు. మెట్ల మీద ఓనరు వాళ్ల లైటు వెలుగుతుంది కదా, అక్కడ కూర్చుని చదువుకోమన్నారు. మా గదిలో లైటు తీసేసి. నాలుగు రోజులు ఓనరమ్మ ఊరుకుంది. అయిదో రోజు వచ్చి, "సదువు మీ పిల్లది, లైటు మాది. బాగున్నాదమ్మా ఈ లెక్క!" అని స్విచ్చి కట్టేసింది. పాప ఏడుస్తూ లోపలికొచ్చింది. మీ బావ ఏమన్నారో తెలుసా? "ఆళ్లకెంత పిసినారితనం సూసేవా?" అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇలాంటి ఇంటికి అమ్మ కంటి ఆపరేషన్ చేయించుకుని వచ్చింది.

ఆయన కాదనలేదు, నిజమే చెప్పాలి. ఆసుపత్రి నుంచి ఆటోలో చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. "అత్తా, ఇది నీ ఇల్లే అనుకో" అన్నారు. అమ్మ మురిసిపోయింది. మొదటి రెండు రోజులూ చేపల పులుసు పెట్టాను, రెండు పూటలా వేడన్నం పెట్టాను. మాత్రలు వేసుకునే మనిషి కడుపు నిండా తినాలని డాక్టరు చెప్పారు. మూడో రోజు సాయంత్రం మీ బావ వంటింట్లోకొచ్చి గ్యాస్ సిలిండర్‌ని చేత్తో ఎత్తి చూసి, "ఇదేటి, అప్పుడే తేలికైపోయినాది? మడిసి పెరిగితే మంట పెరగదేటి మరి" అన్నారు. గట్టిగా కూడా అనలేదు. కానీ మధ్యలో ఉన్నది కర్టెన్ గుడ్డే కదా. కంటికి కట్టు కట్టారు గానీ అమ్మ చెవులకి ఏమైంది?

మర్నాడు పొద్దున్నే అమ్మ అంది: "ఒలే నూకీ, కన్ను బాగుపడితే ఒంటిపూట ఉంటానని నూకాలమ్మకి మొక్కుకున్నానే. రేత్రిళ్లు నాకేటీ వండకు. పొద్దున్న సద్దన్నం సాలు."

సద్దన్నమట! దానికి మంట అక్కర్లేదు కదా. నేను గమనించుకోలేదన్నయ్యా. జన్మలో ఒక్క శనివారం కూడా చేప మానని మనిషికి ఉన్నట్టుండి ఈ భక్తేమిటి అని ఒక్క క్షణం అనిపించింది. కన్ను పోతుందని భయపడి మొక్కుకుందేమో అనుకున్నాను. పైగా మొక్కు మొక్కాక బలవంతంగా తినిపిస్తే పాపం మనకే చుట్టుకుంటుంది. తర్వాత స్నానం కూడా చన్నీళ్లే అంది, ఒంట్లో వేడి చేసిందని. రెండు మూడు సార్లు కళ్లు తిరిగాయంటే ఆపరేషన్ వల్లనేమో అనుకున్నాను. సద్దన్నం తిని మాత్రలు మింగితే ఎవరికి తిరగవు?

ఒకరోజు మధ్యాహ్నం బజారుకి వెళ్లాను. ఆ రోజు మీ బావకి పొద్దుటి డ్యూటీ, నాకన్నా ముందే ఇంటికొచ్చారు. గదిలో ఫ్యాను తిరుగుతోంది, మనుషుల అలికిడి లేదు. ఖాళీ గదిలో ఫ్యాను తిప్పుతున్నారని తిట్టుకుంటూ కట్టేసి, మేడ మీదికి పోయి నీడలో పడుకున్నారు. అమ్మ, మంచం అవతల నేల మీద గోడకి ఆనుకుని, నెత్తి మీద ముసుగేసుకుని కూర్చునే ఉంది. "అల్లుడా, నానున్నాను" అని ఒక్క మాట అనలేదు. నేను వచ్చేసరికి రవిక మొత్తం తడిసి ముద్దయింది. చెమట కంట్లోకి దిగితే కన్నే పోతుందని డాక్టరు ఎంత చెప్పాడు!

"ఫ్యాను కట్టేస్తే అడగాలి కదమ్మా!" అని అరిచాను.

"సల్లగానే ఉన్నాదమ్మా. నాను ఎండలో సేపలు ఎండబెట్టుకుని బతికిన దాన్ని, నాకు ఫ్యానేటే?" అంది.

మీ బావ కిందికొచ్చి సంగతి తెలిసి, "అయ్యో అత్తా, ఉన్నావని తెలీదు" అన్నారు. నిజంగానే తెలీదు. తెలిసి కట్టేసే మనిషి కాదు, ఆ మాట నేను ఒప్పుకుంటాను. మర్నాడే అమ్మ ఇంటికి పోతానంది. అల్లుడింట్లో ఎక్కువ రోజులుంటే బాగోదంది, గాలి లేక నిద్ర పట్టడం లేదంది. ఉండమ్మా, డాక్టరు మళ్లీ చూసేదాకా ఉండమ్మా అని బతిమాలాను. వినలేదు. ఎర్రమ్మత్తతో కలిసి ఖాళీ గంపల ఆటోలో ఎక్కి కూర్చుంది. మీ బావ చార్జీ కూడా ఇచ్చారు.

ఇదీ జరిగింది. మొక్కు లేదన్న సంగతి నాకు నిన్న నీ నోట వింటేనే తెలిసింది. కన్నతల్లి నా ఇంట్లో, నా కళ్లెదురుగా పస్తు పడుకుంటే, దేవుడి మీద భక్తి అనుకుని దండం పెట్టుకున్నాను. నా బతుక్కి నిప్పు పెట్టాలి.

నిన్న ఆయన డ్యూటీ దిగి రాగానే అడిగేశాను. అమ్మకి మొక్కూ లేదు, గిక్కూ లేదు, మీ మాట విని తిండి మానేసింది, మళ్లీ నా గుమ్మం తొక్కనంటోంది అన్నాను. ఆయన మొహం చిన్నబోయింది. "నానేటి తినొద్దన్నానా? గ్యాస్ సంగతి అన్నాను. ఇంట్లో మనలో మనం ఆపాటి మాటనుకోకూడదేటి?" అన్నారు. తర్వాత, "రెండో కంటికి కూడా ఇక్కడికే రమ్మను. నాను కాదంటానేటి?" అన్నారు. నాకు కాస్త ఊపిరాడింది. ఇంతలో నెమ్మదిగా అడిగారు: "ఈసారి ఎన్నాళ్లుంటాదంటావు?"

ఆ ఒక్క మాటతో నా మనసు విరిగిపోయింది. అమ్మ రాదు అన్నాను. నేనే పోతాను అన్నాను. ఆసుపత్రిలో ఆపరేషన్ అయ్యాక అమ్మని పట్టుకుని పూడిమడక పోయి, కన్ను పూర్తిగా కుదిరేదాకా అక్కడే ఉండి మందు వేస్తాను, నెల పట్టినా రెండు నెలలు పట్టినా రాను అన్నాను. కోపంలోనే అన్నాను. ఆయన తిడతారనుకున్నాను. నా తిండి ఎవరు చూస్తారే అంటారనుకున్నాను. పోనీ, వద్దు, ఇక్కడే ఉండండి, ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది అంటారేమోనని కూడా, ఆశ చావక, ఎదురు చూశాను.

ఆయన లేచి వంటింట్లోకి పోయి సిలిండర్‌ని ఎత్తి చూసి వచ్చారు. "మంచి ఆలోసనే. నాను కంపెనీ కేంటీన్లో తినేత్తాను. ఈ సిలిండరైతే నువ్వు వచ్చేదాకా ఆగుతాది" అన్నారు. గుమ్మం దాకా పోయి మళ్లీ వెనక్కి తిరిగి, "పాపని కూడా తీసుకెల్లు. ఇంకో పది రోజులెక్కువున్నా పర్నేదు" అన్నారు. నవ్వుతూనే అన్నారన్నయ్యా.

కాబట్టి ఆపరేషన్ ఎప్పుడో కబురు పెట్టు, ఆ పొద్దుటికి నేనూ పాపా ఆసుపత్రి గుమ్మంలో ఉంటాం. అమ్మకి ఇవేమీ చెప్పకు. నాకే ఊరి మీద గాలి మళ్లిందని చెప్పు. ఎర్రమ్మత్త చేతిలో కాస్త బెల్లం పెట్టాను, పిల్లలకి పంచు. చిన్నాన్నకీ పిన్నికీ నా దండాలు. వదిన ఏమీ అనుకోకుండా ఉంటే నాకూ పాపకీ అమ్మ మంచం పక్కన చాప వేయమని చెప్పు. అడగడానికి సిగ్గుగా ఉంది గానీ, మేం ఎన్నాళ్లుంటామని మాత్రం ఎవరూ అడగకండి.

నీ దీవెన కోరే
నూకరత్నం