ఉప్పు లేని కారం

తెనాలి, 1988 మే, మంగళవారం.

ఇన్నాళ్ళుగా నాన్న కాళ్ళ వాపు ఎందుకు తగ్గడం లేదో ఈరోజు తెలిసింది. బీపీకి ఉప్పు మానెయ్యమని డాక్టరు చెప్పాక, ఎండుమిర్చి, ధనియాలు, జీలకర్ర, వెల్లుల్లి, ఎండు ఉసిరి కలిపి నేనే కారం దంచి జాడీలో పెట్టాను. పొద్దున రుచి చూస్తే ఉప్పగా ఉంది.

"నేనే గుప్పెడు కలిపానే," అంది చెరుకుపల్లి నుంచి వచ్చి మా దగ్గర ఉంటున్న మేనత్త. "ఉప్పు పడకపోతే కారానికి పురుగు పట్టదూ? మన ఇంట్లో మొదట బడి మొహం చూసినదానివి, ఆ మాత్రం తెలీదా ఏంటి?"

ఆ కారం పెంటలో పోసి మళ్ళీ దంచాను. రాత్రి దొండకాయ వేపుడు దానితోనే చేసి, ముందు ఆవిడకే వడ్డించాను.

"ఉప్పేదే?"

"ఈ ఇంట్లో లేదత్తయ్యా."

"అక్కకి కాస్త వెయ్యమ్మా, పాపం," అన్నాడు నాన్న.

"అత్తయ్య నీ కాళ్ళు చూసిందా నాన్నా?"

అప్పుడు చూసింది, వాచి మెరుస్తున్న ఆ పాదాలను. తల వంచుకుని, మెతుకు మిగల్చకుండా తినేసింది. నాకు జాలి కలగలేదు. ఇంకొంచెం కూర వేశాను.

ఆ వాపు తగ్గేదాకా ఆవిడకీ ఇదే కూడు. ఊరెళ్తానన్నా సరే, చెరుకుపల్లి బస్సు ఎక్కనివ్వను.