బండి లోపలి రంగు మార్చానక్కా

అక్కా,

బాగున్నావా అని మొదలుపెట్టబోయి పెన్ను ఆపేశాను. నువ్వు వెళ్లి ఏడాది దాటింది. మొన్న కార్తీకం కూడా అయిపోయింది. ఇన్నాళ్లూ నీకు చెప్పదగ్గ మంచి కబురు నా దగ్గర లేదు. ఇప్పుడు ఉంది. అందుకే రాస్తున్నాను.

మన వ్యాను లోపలి రంగు మార్చేశాను. నేనే, నా చేతులతోనే. బయటి రంగు కాదు, లోపలిది. తలుపుల లోపలి అట్టలు, డ్యాష్‌బోర్డు, పైకప్పు, సీట్లు... అన్నీ. నువ్వు రోజూ తిట్టుకునే ఆ బూడిద రంగు ఇప్పుడు ఎక్కడా కనిపించదు.

నవ్వుతున్నావా? నవ్వు. వాకిట్లో ముగ్గు కూడా తిన్నగా వేయలేని ఈ పద్దికి ఇదెలా చేతనైంది అనుకుంటున్నావు కదా?

మొదటి నుంచి చెబుతాను.

నువ్వు పోయిన రోజు సంగతి ఒక్కసారి రాసి వదిలేస్తాను. జ్వరం ముదిరి నిన్ను ఆదోని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే బండి నీ మరిది, అదే మా ఆయన, నడిపాడు. నువ్వు వెనక సీట్లో అమ్మ ఒడిలో తల పెట్టుకుని పడుకున్నావు. నేను నీ కాళ్ల దగ్గర కూర్చున్నాను. కళ్లు కూడా తెరవకుండా, "మెల్లగా పోనియ్యప్పా, ముందర గుంతలుండాయి" అన్నావు. అప్పటికి ఆదోని కొండలు కనిపిస్తున్నాయి. ఇంకాస్త దూరమే... ఆ తర్వాత నువ్వు ఇంకేమీ అనలేదు.

ఆ రోజు నుంచి అమ్మ ఆ బండి ఎక్కలేదు. ఎక్కడం మాట అటుంచు, అటు చూసేది కూడా కాదు. ఇంటి పక్క సందులో పట్టా కప్పి నిలబెట్టాం. పొద్దున్నే వాకిలి ఊడుస్తూ సందు మొదలు దాకా వచ్చి, అక్కడే చీపురు ఆపి వెనక్కి తిరిగిపోయేది.

ఈలోగా అమ్మ కంట్లో పొర ముదిరింది. ఆదోనిలో చూపిద్దామంటే బస్సులో పోదామనేది. బయలుదేరాల్సిన రోజు వచ్చేసరికి ఒకసారి కాళ్ల నొప్పి, ఒకసారి ఏకాదశి. ఆ దారంటేనే భయమేమో అక్కా... నేను గట్టిగా అడగలేకపోయాను. నువ్వుంటే ఒక్క కేక వేసి బండి ఎక్కించేదానివి.

బండి అమ్మేద్దామని నీ మరిదే అన్నాడు. అమ్మ కోసమే అన్నాడులే, అతని మీద కోపం పెట్టుకోకు. నేనూ సరే అన్నాను. ఆదోని నుంచి పాత బండ్లు కొనే మనిషి వచ్చాడు. పట్టా తీశాడు, తలుపు లాగాడు, తల లోపలికి పెట్టి చూశాడు.

"లోపల ఏముందమ్మా, అంతా పోయింది. ఇనుము కింద తూకమేసుకోవల్ల" అన్నాడు.

ఆ మాట నాకు ఎక్కడ తగిలిందో చెప్పలేను. పెళ్లి నిలవక నువ్వు పుట్టింటికి వచ్చినప్పుడు అందరూ నిన్ను మగ్గం ముందు కూర్చోమన్నారు. నువ్వు స్టీరింగ్ ముందు కూర్చున్నావు. ఆడది నడిపే బండి ఎవరెక్కుతారని వీధంతా నవ్వింది. ఏడాది తిరక్కుండా అదే వీధి చీరల మూటలు అరుగు మీద పెట్టుకుని నీ హారన్ కోసం చెవులు రిక్కించింది. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి నువ్వు ఎంతమందిని తిప్పావు! ఆసుపత్రికి, కోర్టుకు, పిల్లల పరీక్షలకు, పెళ్లిచూపులకు... ఆ బండి లోపల ఏమీ లేదట. ఇనుమట.

తలుపు మూసేశాను. "అమ్మేది లేదు, పోయిరాప్పా" అన్నాను. నీ మరిది ఆ మనిషిని సందు చివరిదాకా సాగనంపి వచ్చాడు.

అన్నాను సరే, తర్వాత ఏం చేయాలి? డ్రైవర్ సీట్లో కూర్చుని చుట్టూ చూశాను. అతను చెప్పినంతా అబద్ధం కాదు. సీట్లు చిరిగాయి, పైకప్పు గుడ్డ వేలాడుతోంది, అంతటా ఆ చచ్చిన బూడిద రంగు. నువ్వే అనేదానివి కదా... "బండంటే ఇల్లు మే. ఇంటికి ఎవురన్నా బూడిద రంగు ఏసుకుంటారా? కొంచెం తీరిక కానీ, లోపలంతా గంధం రంగు ఏపిస్తా. సీట్లకు వక్క రంగు. ఎక్కినోళ్లు దిగబుద్ధి కాక కూసోవల్ల." నీకు ఆ తీరిక ఎప్పుడు దొరికింది?

అక్కడే నిశ్చయించుకున్నాను.

ఆదోనిలో సీట్ల పని చేసే రసూల్ అన్న దగ్గరికి వెళ్లాను. నువ్వు పోయిన సంగతి అతనికి తెలుసు. "మీ అక్క బండా? ఈడికి తీసుకురామ్మా, నేను చేసిస్తా" అన్నాడు. నేనే చేసుకుంటానన్నాను. టైరు పంక్చరైతే కొంగు దోపుకుని నువ్వే మార్చుకునేదానివి. నీ బండిని వేరే వాళ్ల చేతుల్లో పెట్టి, అయిపోయాక వెళ్లి తెచ్చుకోవడం నాకు మనసొప్పలేదు. అన్న నవ్వి, ప్లాస్టిక్ మీద ముందు ఏం పూయాలో, తర్వాత ఏ స్ప్రే రంగు డబ్బా కొట్టాలో అన్నీ చూపించాడు. "రంగేసేది ఎంతసేపమ్మా... కడిగేదే అసలు పని. దాంట్లో తొందరపడొద్దు" అన్నాడు.

నేను ఆ మాట సగమే విన్నాను.

ఎందుకంటే రంగు నాకు కొత్త కాదు కదా. పెళ్లికి ముందు నుంచీ నూలుకు రంగులద్దుతున్న చేతులివి. రంగంటే నాకు తెలియనిదేముందని ఒక పొగరు.

సీట్లు ఊడదీశాం. తుప్పు పట్టిన బోల్టులు నాకు లొంగలేదు. నూనె పోసి, స్పానర్ పట్టుకుని వేలాడుతుంటే నీ మరిది వచ్చి ఇంకో పక్క పట్టుకున్నాడు. అమ్మేద్దామన్న మనిషి మళ్లీ ఆ మాట ఎత్తలేదు. సీట్ల కింద ఏమున్నాయో తెలుసా? తలపిన్నులు, వేరుశనగ పొట్టు, పత్తి పోగులు, ఎవరి బిడ్డదో చిన్న నల్లగాజు... ఊడ్చి ఎత్తుతుంటే చేటెడైంది.

తలుపుల అట్టలు విప్పేటప్పుడు సగం క్లిప్పులు విరగ్గొట్టాను. డ్యాష్‌బోర్డు సబ్బునీళ్లతో తుడిచి, ఆరబెట్టి, గంధం రంగు కొట్టాను. ఎంత బాగా వచ్చిందో! మూడో రోజు వేలు తగిలితే పాము కుబుసంలా ఊడి చేతికొచ్చింది.

ఎందుకో తెలుసా? నీ కొబ్బరినూనె అక్కా! నిగనిగలాడాలని వారం వారం గుడ్డతో రుద్దేదానివే... అన్నేళ్ల నూనె ప్లాస్టిక్‌లోకి ఇంకిపోయి కూర్చుంది. నాకు నీ మీద కోపం వచ్చింది. నువ్వు పోయాక నీ మీద కోపం రావడం అదే మొదటిసారి. కోప్పడుతూనే ఊడిన ఆ పొరను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఇంకా ఉంది...

మళ్లీ మొదటికొచ్చాను. గిన్నెలు తోమే సబ్బుతో కడిగి, ఆరాక స్పిరిట్‌తో తుడిచి, నీళ్లు చల్లుకుంటూ వాటర్ పేపర్ అనే సన్నటి గరుకు కాగితంతో రుద్ది, మళ్లీ కడిగి... అరచేతులు పొరలు లేచాయి. అప్పుడు తెలిసింది నాకు. నూలు రంగును తాగుతుంది. ప్లాస్టిక్ తాగదు, పైన పట్టుకుని ఉంటుందంతే. దానికి పట్టు మనమే ఇవ్వాలి. ఒకేసారి దట్టంగా కొడితే కారిపోతుంది. పల్చగా ఒక పూత, అది ఆరాక ఇంకోటి. ఎండ ఎక్కితే రంగు గాల్లోనే ఆరిపోయి ఇసుకలా పడుతుంది. గాలి లేస్తే చేల దుమ్మంతా వచ్చి అతుక్కుంటుంది. అందుకని తెల్లవారగానే సందంతా నీళ్లు చల్లి, దుమ్ము అణిగాక పని మొదలుపెట్టేదాన్ని.

డ్రైవర్ పక్క తలుపు పిడి దగ్గర మాత్రం చేయి ఆగింది. నీ వేళ్లు పట్టీ పట్టీ నున్నగా అరిగిపోయిన చోటది. దాన్ని రుద్దేస్తే నువ్వు ఇంకొంచెం పోతావేమో అనిపించింది... తర్వాత అనుకున్నాను, నువ్వే అయితే ఆగుతావా? "పని సగంలో ఇడిసిపెట్టి ఏడుస్తావేంది మే?" అనేదానివి. రుద్దేశాను. రంగు వేసేశాను.

ఇంకో తప్పు కూడా చెప్పేస్తాను. డ్యాష్‌బోర్డు పైభాగం కూడా గంధం రంగే వేశాను. పాత డ్రైవర్ సీటు ఒక్కటి తగిలించి బండి బయటికి తీసి చూస్తే ఎండకు ఆ రంగంతా ముందు అద్దంలో మెరిసి దారే కనపడలేదు. వెనక్కి తెచ్చి పైభాగం ఒక్కటీ వక్క రంగు వేశాను. ఇప్పుడు సీట్లకు జోడీగా ఉంది. కావాలనే అలా వేశానని అందరికీ చెబుతున్నాను. నీకు మాత్రమే నిజం.

సీట్ల సంగతి వేరే కథ. పాత రెక్సిన్‌కు రంగేస్తే కూర్చున్నప్పుడల్లా పగులుతుందని రసూల్ అన్న చెప్పాడు. అందుకని మన వీధిలో నేసిన మందపాటి నూలు గుడ్డ తీసుకుని, పెరట్లో పొయ్యి పెట్టి గంగాళంలో నేనే రంగు కాచాను. అమ్మ గడప మీద కూర్చుని ఉంది. ఎన్ని రోజులుగానో నేను బండితో పడుతున్న అవస్థంతా వింటూనే ఉంది. గుడ్డ ముంచి కర్రతో తిప్పుతుంటే వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఉప్పు సాలదు మే. ఇంకో గుప్పెడెయ్యి. లేకుంటే రంగు పట్టదు."

నేను తిరిగి చూడలేదు. చూస్తే లోపలికి వెళ్లిపోతుందేమో అని. ఉప్పు వేశాను. అమ్మ లేచి వచ్చింది. తడిగుడ్డ అంచు పట్టుకుని, బాగున్న కంటి దగ్గరికి ఎత్తి ఎండకు చూసింది.

"ఇది ఇటుక రంగు. అది అడిగింది వక్క రంగు. ఇంకా ముదరనీ" అంది.

అది... అంటే నువ్వే. ఏడాదిగా అమ్మ నోట నీ ఊసు రాలేదు తెలుసా? మర్నాటి నుంచి గుడ్డ కత్తిరించడం, అంచులు మడవడం అంతా అమ్మే. చూపు ఆనకపోయినా వేళ్లతో తడిమి కుట్టు వంకర పట్టేసేది. రెండుసార్లు నా చేత విప్పించింది.

సీట్లు బిగించిన రోజు వీధిలో వాళ్లంతా వచ్చి చూశారు. నిజంగా నువ్వే చేశావా అని అడిగారు. నేనే చేశానని ఎంతమందితో చెప్పానో! ఇంకా ఎవరైనా అడిగితే బాగుండని సాయంత్రం దాకా సందు మొదట్లోనే నిలబడ్డాను.

అందరూ వెళ్లాక అమ్మ వచ్చింది. ముందు సీటు తలుపు తీసి పట్టుకున్నాను. అమ్మ దాన్ని దాటి వెనక్కి వెళ్లింది. తనే ఎక్కింది. ఆ రోజు కూర్చున్న చోటే కూర్చుంది. సీటు మీద చేయి పెట్టి మెల్లగా నిమురుతూ ఉండిపోయింది.

"ఈడనే నా బిడ్డ పోయింది" అంది. చేతిని సీటు అంచు దాకా జరిపి, "ఈడనే మన వీధి శారద కోడలు కనింది కూడా. వానలో బండాపి మీ అక్క కాన్పు సేసింది. ఆ పిల్లోడు ఇప్పుడు బడికి పోతాండాడు" అంది. ఆ తర్వాత ఏడ్చింది. నేనూ ఎక్కి పక్కన కూర్చున్నాను. ఇద్దరం బాగా ఏడ్చాం అక్కా. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, "రేపు కంటి డాక్టరు ఉంటాడా?" అని అడిగింది.

మర్నాడు బండి నేనే నడిపాను. నీ దగ్గర నేర్చుకుని లైసెన్సు తీసుకున్నానే గానీ, ఆదోని దాకా ఒక్కదాన్నే ఎప్పుడూ నడపలేదు. నీ మరిది వస్తానన్నాడు, వద్దన్నాను. దారికి రెండు పక్కలా పత్తి తెల్లగా విచ్చుకుని ఉంది. నువ్వు మెల్లగా పోనియ్యమన్న చోట మెల్లగానే పోనిచ్చాను. వెనక అమ్మ కళ్లు మూసుకుని ఉంది. భయపడుతోందేమో అనుకుని అద్దంలో చూశాను. నిద్రపోతోంది...

డాక్టరు అమ్మ కన్ను చూసి, ఆపరేషన్ చేస్తే చూపు బాగా వస్తుందన్నాడు. సంక్రాంతి దాటాక రమ్మన్నాడు. బయటికి వచ్చేసరికి బండి దగ్గర ఎవరో ఒకామె నిలబడి కిటికీలోంచి లోపలికి చూస్తోంది. పత్తికొండ నుంచి వాళ్ల అత్తను చూపించడానికి వచ్చిందట. "రంగు ఎంత బాగుందో! కొత్త బండి మాదిరుంది. ఎవురిదమ్మా ఇది?" అని అడిగింది.

నాదని చెప్పడానికి నోరు తెరిచాను. అమ్మ ముందే చెప్పేసింది.

"నా కూతుర్లది."

కూతురిది అనలేదక్కా. కూతుర్లది అంది. తల ఎత్తి, ఆసుపత్రి వాకిలంతా వినపడేట్టు అంది.

సోమవారం నుంచి వీధి వాళ్ల చీరల మూటలు నేనే ఆదోనికి చేరవేస్తానని ఒప్పుకున్నాను. బండి బాగా చూసుకుంటాను. డ్యాష్‌బోర్డుకు మాత్రం కొబ్బరినూనె రాయను, ఏమీ అనుకోకు.

నీ చెల్లెలు,
పద్ది