అద్దాల పెట్టెలో మన అమ్మవారు

తంజావూరు, మంగళవారం.

అప్పాకు అఖిల నమస్కారాలు. నేను బాగున్నాను, ఉద్యోగమే ఇంకా దొరకలేదు.

నిన్న మ్యూజియంలో మన గుడి అమ్మవారిని చూశాను. చీర లేకుండా అద్దాల పెట్టెలో నిలబెట్టారు. చేతులు జోడిస్తే కాపలా ఆయన, "ఏమ్మా, హారతి పళ్లెం తేలేదా? అది ఉత్త బొమ్మ తల్లీ" అన్నాడు. బొమ్మ అయితే బాగుండేది. దొంగల భయంతో మ్యూజియానికి అప్పగించిన రోజు, జీపువాళ్ల తొందరలో, ఆమె ప్రాణాన్ని కలశంలోకి పిలవకుండానే పంపేశాం కదప్పా. ఇక్కడ ఆమె నైవేద్యం లేకుండా ఉంది, అక్కడ మీరు ఖాళీ పీఠానికి పెడుతున్నారు.

అమ్మ దగ్గు తగ్గిందా? నా గొడుగు ఎవరిచేతైనా పంపండి. వద్దు, మీరే తెండి. కలశం, దర్భలు కూడా తెండి. విగ్రహాన్ని ఎలాగూ ఇవ్వరు, చెంబెడు నీళ్లకు ఎవరు అడ్డు చెబుతారు?

నానమ్మకు నమస్కారాలు. తిరుగు బస్సులో కలశాన్ని నేను ఒళ్లో పెట్టుకుంటాను.

అఖిల