పాత కారులో నీ చేతిపని

నాయనా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నువ్వు ముప్పై ఏళ్లు బాగుచేస్తూ వచ్చిన సెట్టిగారి పాత కారును చూడ్డానికి నిన్ననే తిరుపతి నుంచి ఒకాయన వచ్చాడు. పాత కార్లు కొని దాచుకునే మనిషి.

పక్కనే సెట్టిగారి కొడుకు కొత్త కారు ఉంది. విమానమంత వేగమట. పూతలపట్టు స్పీడ్‌బ్రేకరు దాటలేక లారీ మీద వచ్చింది. దాని బానెట్ నేను తెరవకూడదు, ల్యాప్‌టాప్ పట్టుకుని కంపెనీవాళ్లే రావాలి. తిరుపతి ఆయన దాన్ని కన్నెత్తి చూడలేదు.

"దుడ్డుంటే అట్లాంటిది రేపైనా కొనొచ్చబ్బా. ఇది యాడ దొరుకుతాది?" అన్నాడు. పాత కారంతా భూతద్దంతో గంటసేపు చూసి, "అన్నీ కంపెనీ సామాన్లే కదా?" అని అడిగాడు.

నాకు గర్వం ఆగలేదు. "ఈ డ్యాష్‌బోర్డు చెక్క మా నాయన చేసిందే సార్. ఈ తలుపు పిడి ఆయన పోత పోసిందే" అంటూ ఒక్కొక్కటీ వేలుపెట్టి చూపించాను.

ఆయన అన్నీ రాసుకున్నాడు. "అయితే ఇవన్నీ పీకేయాల. ఒరిజినల్ వేస్తేనే తీసుకుంటా" అన్నాడు.

సెట్టిగారు నాచేతే పీకించారు. అన్నీ ఒక్క గోనెసంచిలో పట్టాయి. దాన్ని నీ మంచం కింద పెట్టాను.

ఆ భూతద్దానికి ఒక్కటీ దొరకలేదు నాయనా. నేనే చూపించాను.