పదకొండో మోత

నర్సు హతకెయామా గారికి,

చెర్రీలు ఇంకా పూయనేలేదు, అప్పుడే మీకు నా గోల మొదలైంది. మన్నించాలి. మొన్న మంగళవారం పెద్దపేగు పరీక్షకు వచ్చిన కురహాషి తొమెజోని, ముప్పైయెనిమిదేళ్ళు రైలు నడిపినవాణ్ణి.

కెమెరా గొట్టానికి కొత్త యంత్రం తగిలించామనీ, పేగులో పాలిప్ లాంటి బుడిపె కనపడితే అది మోగుతుందనీ మీరే చెప్పారు. నేను మెలకువగా తెర చూస్తూనే ఉన్నాను. పదకొండు మోతలు! మీ కాగితంలో మాత్రం "రెండు తీసేశాం" అని ఉంది. మిగతా తొమ్మిదీ ఏవమ్మా? మా నాన్న పేగు క్యాన్సర్‌తోనే పోయాడు. నాకు కంటి మీద కునుకు లేదు.

ఇట్లు,
కురహాషి

తా.క. "లోపల అద్దెకున్నాయేమో, అడగండి" అంటోంది మా ఆవిడ చియెకో.

---

కురహాషి గారికి నమస్కారాలు.

కంగారు పడకండి. ఆ యంత్రం కాస్త పిరికిది. నీటిబుడగను చూసినా, పేగు మడతను చూసినా మోగుతుంది. నిజమేదో డాక్టరు గారు తేలుస్తారు. ఒకసారి నువ్వుగింజను చూసి మోగింది. ముందురోజు గంజి తప్ప ఏమీ తినొద్దన్నామా లేదా?

మీ క్షేమం కోరే,
హతకెయామా రిత్సు

తా.క. ఊరికే చెయ్యెత్తి తెరవైపు చూపిస్తూ ఆ కేకలేమిటండీ! డాక్టరు గారు రెండుసార్లు ఉలిక్కిపడ్డారు.

---

అమ్మా హతకెయామా,

నువ్వుగింజ నాదే, ఒప్పుకున్నాను. కానీ మా లైనులో మోత వినపడితే బండి ఆగాల్సిందే. "పిరికి మోత" అని దాటిపోయినవాణ్ణి ఆ రోజే ఇంటికి పంపేస్తారు.

కేకలంటావా? సిగ్నల్ కనపడితే వేలెత్తి చూపి, గట్టిగా పలకాలి. అది మా ఉద్యోగ ధర్మం. నేను రిటైరయ్యాను కానీ నా వేలు అవలేదు. ఇంట్లో కూడా "పొయ్యి, ఆరింది!" అని పలికాకే కదులుతాను. ఆ రోజు తెర చూస్తూ పలికినవే లెక్కపెట్టాను, సరిగ్గా పదకొండు. లెక్క తప్పే ప్రశ్నే లేదు. కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాను. భయంగా ఉందమ్మా.

కురహాషి

తా.క. నేను పోయాక అంత్యక్రియల్లో పెట్టే ఫొటో ఇప్పుడే తీయించుకున్నాను. "పెళ్ళి ఫొటోలో ఎలాగూ నవ్వలేదు, దీన్లోనైనా నవ్వండి" అంది చియెకో.

---

కురహాషి గారికి,

మీ పోరు పడలేక డాక్టరు గారు రికార్డింగ్ మొత్తం మళ్ళీ చూశారు. నేనూ పక్కనే కూర్చున్నాను.

యంత్రం మోగింది పదిసార్లే. తీసేసినవి రెండు, నువ్వుగింజ ఒకటి, తక్కినవన్నీ బుడగలూ మడతలూ. పదకొండోసారి అది మోగనే లేదు. వేలెత్తి "కుడిపక్క, అడ్డు!" అని అరిచింది మీరు. "కదలొద్దన్నానా!" అని కసిరి మీ చెయ్యి కిందికి నొక్కింది నేను.

మీరు చూపించిన చోట, మడత వెనక, చదునుగా ఒకటి నక్కి ఉంది. యంత్రం చూడలేదు, డాక్టరు గారూ చూడలేదు. ఇంకా చిన్నదే, ఇప్పుడు తీసేస్తే భయం లేదంటున్నారు. సోమవారం తప్పకుండా రండి. చేతులు జోడించి క్షమాపణ అడుగుతున్నాను.

మీ
రిత్సు

తా.క. ఈసారి మీ చెయ్యి ఎవరూ పట్టుకోరు. డాక్టరు గారు మాటిచ్చారు.