పరదా కింద ఎర్తు గుంట

బావగారికి నమస్కారాలతో,

మీకు ఎదురుగా నిలబడి చెప్పలేక రాస్తున్నాను. మా పెరట్లో మీరు మిరపకాయలు ఆరబోసిన పరదా కిందే ఇంటి కరెంటుకి ఎర్తు గుంట ఉంది. ఎండలు ముదిరాక అందులో నీళ్ళు పోస్తుండాలి, తడి లేకపోతే లీకైన కరెంటు భూమిలోకి దిగదు. కాయలు తడుస్తాయని మీరు పొయ్యనివ్వడం లేదు. గుంట ఎండిపోయింది. బోరునీళ్ళ ఉప్పుకి గీజరు కాయిలు కూడా దెబ్బతిన్నట్టుంది, కుళాయి ముట్టుకుంటే షాకు కొడుతోంది.

నిన్న అత్తయ్య కుళాయి మీంచి చటుక్కున చెయ్యి లాక్కున్నారు. "పొద్దుట్నుంచీ కాయలు ఏరానుగా, కారం మంటలే అమ్మాయ్" అన్నారు. షాకని చెబితే నమ్మరు. కీళ్ళనొప్పులకి వేణ్ణీళ్ళే కావాలట. నేను స్విచ్చి ఆపడం, ఆవిడ వెయ్యడం. నాకు ఒకచోట కాలు నిలవడం లేదు.

రేపు పొద్దున్నకల్లా పరదా జరపకపోతే కాయల మీదే బిందెలు కుమ్మరిస్తాను. మర్యాద తెలియదనుకుంటే అనుకోండి. చెయ్యి లాక్కున్నది మీ అమ్మగారు.

మీ మరదలు